మర్మర్ అవతలికి చేరడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌గా రిటైరయ్యాను. జాంబియా, కెన్యాల్లోని ట్రైనీ డాక్టర్లకు జూమ్‌లో పాఠాలు చెబుతున్నాను. నా మాట బాగానే వినబడుతోందట కానీ, మర్మర్ (గుండెలో వినిపించే అసాధారణ శబ్దం) రికార్డింగు వేస్తే ఏమీ తెలియడం లేదంటున్నారు. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) క్లిప్పులు కూడా ఆగి ఆగి కదులుతున్నాయట. ఇంటర్నెట్ ప్లాన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ప్లాన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. రికార్డింగును స్పీకర్లో వేసి మైకుకు వినిపిస్తున్నట్టున్నారు. మాట కానిదాన్నల్లా రొద కింద జమకట్టి తీసేయడమే జూమ్ పని. ఫ్యాను రొదతోపాటు మర్మరూ పోతుంది. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు 'షేర్ సౌండ్' టిక్ పెడితే, ధ్వని మైకుతో పని లేకుండా నేరుగా వెళ్తుంది. ఎలక్ట్రానిక్ స్టెతస్కోపును మైకుగా కలిపి లైవ్‌లో వినిపిస్తుంటే 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయాలి.

ఇంత చేసినా వినేవాళ్లకు ఇయర్‌ఫోన్లు లేకపోతే దండగే. ల్యాప్‌టాప్ బుల్లి స్పీకర్లకు మంద్రధ్వనులు పలకవు. స్టెతస్కోపు బెల్‌తో వినే మైట్రల్ స్టెనోసిస్ (మైట్రల్ వాల్వు ఇరుకవడం) రంబుల్ ముందుగా మాయమవుతుంది. అయోర్టిక్ రీగర్జిటేషన్ (అయోర్టిక్ వాల్వు గుండా రక్తం వెనక్కి కారడం) మర్మర్ హెచ్చుస్థాయిది కాబట్టి కొంత నయం.

ఎకో సంగతి వేరు. స్క్రీన్ షేరింగు అక్షరాల స్పష్టత చూసుకుని ఫ్రేములను తగ్గిస్తుంది, వాల్వు కదలిక తెగిపోతుంది. 'ఆప్టిమైజ్ ఫర్ వీడియో క్లిప్' కొంత ఆదుకుంటుంది. అంతకన్నా మేలు, మూడు నాలుగు బీట్ల క్లిప్పులకు నంబర్లు వేసి రెండు రోజుల ముందే పంపడం. క్లాసులో "మూడోది తెరవండి" అంటే చాలు. పంపేముందు పేషెంటు పేరు తీసేయండి. డైకామ్ (స్కాను బొమ్మలు దాచే ఫార్మాట్) ఫైలు వివరాలు చెరిపినా, బొమ్మ పైఅంచున అచ్చయిన పేరు అలాగే ఉంటుంది. ఆ అంచు కత్తిరించాల్సిందే.

ప్రశ్న: విదేశీ ట్రైనీలు కెమెరాలు ఆపేసి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారు. వింటున్నారో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కెమెరా కోసం పట్టుబట్టకండి. 1 ఎంబీపీఎస్ వీడియో గంటకు 450 ఎంబీ తింటుంది, మొబైల్ డేటా మీద వినేవాళ్లకు అది భారమే. గంటసేపు మీరే మాట్లాడటం మానండి. హెపటైటిస్-సి కోసం డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో న్యూ మెక్సికోలో మొదలుపెట్టిన 'ఎకో' (ఇది గుండె స్కాను కాదు, డాక్టర్లకు దూరం నుంచి శిక్షణ ఇచ్చే కార్యక్రమం) పద్ధతిలో పాఠం క్లుప్తంగా ముగిస్తారు. ఆపైన అవతలివాళ్లు తమ పేషెంటు కేసు చెబుతారు, చర్చంతా దాని మీదే. కేసు ఎవరిదో వారం ముందే ఖాయం చేయండి. కరెంటు పోతే చెప్పడానికి రెండో మనిషినీ సిద్ధంగా ఉంచండి.