ఏనుగుల మీద పనిచేస్తానంటోంది, పంపమంటారా?

మదనపల్లె నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. నీట్ లాంగ్ టర్మ్ వద్దంటోంది. ఆఫ్రికా వెళ్లి ఏనుగుల మీద పనిచేస్తా, వాటి గురించి రాస్తా అంటోంది. ఇదీ ఒక కెరీరేనా?"

కెరీరేనండి, కానీ నిదానంగా కుదురుకునేది. సింథియా మాస్ అనే అమెరికన్ చదివింది ఫిలాసఫీ, చేసింది న్యూస్‌వీక్‌లో ఉద్యోగం. టాంజానియాలో మన్యారా సరస్సు దగ్గర ఏనుగుల పరిశోధన చూశాక 1968లో ఉద్యోగం మానేసి అక్కడికే వెళ్లిపోయారు. 1972లో కెన్యాలోని అంబోసెలిలో ఆవిడ మొదలుపెట్టిన పరిశోధన ఇప్పటికీ నడుస్తోంది, పుస్తకాలూ రాశారు.

పని ఎలా ఉంటుందంటే, చెవి అంచున చిరుగులు, రంధ్రాలు, నరాల తీరు చూసి ఒక్కో ఏనుగునూ గుర్తుపట్టాలి, ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఎవరితో తిరుగుతున్నారో ఏళ్ల తరబడి రాసుకోవాలి. 1990లో అంబోసెలిలో ఎకో అనే పెద్ద ఆడ ఏనుగుకి ముందుకాళ్లు వంగిపోయిన గున్న పుట్టింది. అది నిలబడలేక కీళ్ల మీద పాకుతుంటే తల్లీ, అక్క ఈనిడ్ దాన్ని వదల్లేదు, మూడు రోజులకి కాళ్లు చాచి నిలబడింది. కుటుంబాన్ని నడిపే పెద్ద ఆడ ఏనుగుని దంతాల కోసం చంపితే వెనక ఉన్న కుటుంబం ఏమవుతుందో లోకానికి తెలిసింది ఇలా దగ్గరుండి చూసి రాసినవాళ్ల వల్లే. దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని దేశాలు నిర్ణయించింది 1989లో.

అయితే మాస్ వెళ్లినట్టు ఇప్పుడు వెళ్లడం కష్టం. పరిశోధన పర్మిట్ కావాలంటే డిగ్రీ, వెనక ఒక సంస్థ ఉండాలి. బీఎస్సీ జువాలజీ గానీ వెటర్నరీ గానీ చేసి, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోనో ఎమ్మెస్సీకి ప్రయత్నించాలి, సీట్లు చాలా తక్కువ. మొదట్లో దొరికేవి చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలు, జీతం అంతంతమాత్రం, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి, ఈ సంగతి అమ్మాయికి దాచకుండా చెప్పండి. కెన్యాలో ఈ పని చేసే స్థానికులు ఇప్పుడు చాలామందే ఉన్నారు, అలా ఉండటమే న్యాయం కూడా, కాబట్టి బయటివాళ్లకి అవకాశాలు కొన్నే.

అందుకే మొదట మీ పక్కనే చూడమంటాను. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులున్నాయి, అవి పొలాల మీద పడితే నష్టపోయేది ఆ చుట్టుపక్కల రైతులే. ఆ రైతులతో మాట్లాడి, విన్నది విన్నట్టు రాయడం అలవాటైతే ఆఫ్రికా వెళ్లినా పనికొస్తుంది. ఇష్టం లేని పిల్లని బలవంతంగా లాంగ్ టర్మ్‌లో పడేయకండి. స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్పే డిగ్రీ కాలేజీ ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతకండి, ఈ రంగంలో చాలామంది తడబడేది అక్కడే.