అపార్ట్‌మెంట్‌లో నీళ్ళు ఆదా కావాలంటే మనుషులు మారాలా, నియమాలు మారాలా?

మీరు అడిగింది ఇది: బెంగళూరులో మీ అపార్ట్‌మెంట్‌కి ప్రతి వేసవిలో ట్యాంకర్ల ఖర్చు తడిసి మోపెడవుతోంది, గ్రూపులో ఎన్ని మెసేజ్‌లు పెట్టినా ఎవరూ పట్టించుకోవడం లేదు, మనవాళ్ళకు బాధ్యత లేదా అని.

బాధ్యత ఉందండీ. అది పనిచేసే వీలే మీ బిల్డింగ్‌లో లేదు. వైట్‌ఫీల్డ్ వైపు తొంభై ఆరు ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంట్‌లో కోశాధికారిగా ఈ లెక్కలు దగ్గరుండి చూశాను కాబట్టి ఇంత నమ్మకంగా చెబుతున్నాను. మా దగ్గర మనుషులు అప్పుడూ ఇప్పుడూ వాళ్ళే. బిల్లు పంచే పద్ధతి మారాక వాడకం మారింది.

మొదట్లో ట్యాంకర్ల ఖర్చంతా మెయింటెనెన్స్‌లో కలిపి చదరపు అడుగుల లెక్కన వేసేవారు. నేను రోజుకు వంద లీటర్లు మిగిలించాననుకోండి, ఆ మిగులు తొంభై ఆరు వాటాలవుతుంది. నాకు దక్కేది ఇంచుమించు లీటరు. పక్కింటివాళ్ళు వంద లీటర్లు అదనంగా పారబోస్తే వాళ్ళ మీద పడేదీ ఆ లీటరు ఖరీదే. కుళాయి కట్టేసినవాళ్ళకూ వదిలేసినవాళ్ళకూ నెలాఖరున ఒకే బిల్లు వచ్చేచోట పొదుపు చేయడమంటే దానం చేయడమే. ఎంత మంచివాళ్ళనైనా రోజూ దానం చేయమని అడగలేం కదా.

మీటర్లు పెడదామంటే మా బిల్డింగ్‌లో అది చిన్న పని కాలేదు. ఒక్కో ఫ్లాట్‌కి నీళ్ళు ఒక్క పైపులో రావు. రెండు బాత్రూములకు రెండు, వంటింటికి ఒకటి, యుటిలిటీకి ఒకటి, వేర్వేరు షాఫ్టుల్లోంచి దిగుతాయి. అంటే ఫ్లాట్‌కి నాలుగు మీటర్లు. ఆ ఖర్చు మీద జనరల్ బాడీలో పెద్ద రభసే జరిగింది. కానీ నాకు బాగా గుర్తున్నది డబ్బు గొడవ కాదు, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే ఒక ఆంటీ లేచి అడిగిన మాట. "మా అత్తగారు మంచంలో ఉన్నారమ్మా. రోజుకు రెండుమూడు సార్లు దుప్పట్లు ఉతకాలి. దానికి కూడా ఎక్కువ రేటు కట్టమంటారా?" అక్కడికక్కడే నియమం తిరగరాశాం. ఇంట్లో తలకింత అని మామూలు రేటు, అది దాటితే పై శ్లాబు, జబ్బుతో ఉన్నవాళ్ళున్న ఇంటికి ఆ పై శ్లాబు వర్తించదు. అంతవరకూ వద్దన్నవాళ్ళలో చాలామంది ఆ తర్వాతే సంతకం పెట్టారు.

మొదటి నెల రీడింగుల్లోనే ఒక ఫ్లాట్ వాడకం మిగతా ఇళ్ళకు అందనంత ఎత్తున ఉంది. అర్ధరాత్రి కూడా మీటర్ తిరుగుతోంది. చూస్తే ఫ్లష్ ట్యాంకులో వాల్వు పాడై సన్నగా కారుతోంది. పాపం ఆ దంపతులకు ఆ సంగతే తెలియదు. వాళ్ళను నెలల తరబడి గ్రూపులో తిట్టినా ఆ వాల్వు బాగుపడేది కాదు.

ఇక్కడ ఎలినార్ ఆస్ట్రమ్ గురించి చెప్పాలి. అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె, 2009లో. ఉమ్మడి సొత్తును ఎవరికి వారు దోచేస్తారు, అది నాశనం కాక తప్పదని 1968లో గారెట్ హార్డిన్ రాసిన వ్యాసం బాగా చెలామణి అయింది. కానీ అంతకు మూడేళ్ళ ముందే, 1965లో, ఆస్ట్రమ్ పూర్తి చేసిన పరిశోధన లాస్ ఏంజెలెస్ ప్రాంతపు భూగర్భజలాల మీద. అక్కడ పోటీపడి తోడేస్తుంటే సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చింది. తోడేవాళ్ళే సంఘం పెట్టుకుని, కోర్టుకెళ్ళి, ఎవరెంత తోడాలో ఒప్పందం చేసుకుని, దాని అమలు చూడటానికి ఒక అధికారిని పెట్టించుకున్నారు. తర్వాత ప్రపంచమంతా ఇలాంటి ఏర్పాట్లు చూసి ఆమె తేల్చింది ఏమిటంటే, నిలిచిన చోటల్లా వాడుకునేవాళ్ళకు నియమాల్లో మాట ఉంది, వాడకాన్ని ఎవరో ఒకరు కళ్ళారా చూస్తున్నారు, తప్పుకు శిక్ష చిన్నగా మొదలై మెల్లగా పెరుగుతుంది. మన రాయలసీమ చెరువుల కింద, ఇటు కోలారు వైపు కూడా, నీరుగంటి చేసింది ఈ పనే. ఏ మడికి ఎప్పుడు తూము వదలాలో ఆయన చూసేవాడు, పంట చేతికొచ్చాక రైతులందరూ ఆయనకు గింజలు కొలిచేవాళ్ళు. జీతం అందరిదీ కాబట్టి ఒకరివైపు మొగ్గే పని లేదు.

ఇక ట్యాంకర్ల సంగతి. 2024 మార్చిలో కరువు ముదిరినప్పుడు జిల్లా యంత్రాంగం ఇంతకు మించి తీసుకోకూడదని ట్యాంకర్లకు ధరలు కట్టింది. 5 కిలోమీటర్లలోపు 6,000 లీటర్లకు 600 రూపాయలు, 8,000కు 700, 12,000కు 1,000. మాకు నీళ్ళు పోసే ట్యాంకరాయన చింతామణి వైపువాడు, ఇంట్లో తెలుగే. ఫోన్ చేస్తే, "వెయ్యికి పోయమంటే ఎట్లక్కా? బోరున్న ఆయప్పకే సగం ఇయ్యల్ల. లైన్లో నిలబడితే పొద్దు పోతాది" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. బోర్లలో నీళ్ళు తగ్గాయి, ఒక్కో ట్యాంకర్ నిండటానికి గంటలు పడుతోంది. ధర ఆగింది కానీ నీళ్ళు పెరగలేదు. దాంతో లోడు ఎవరికి వెళ్ళాలన్నది పరిచయాల మీద, చాటుగా ఇచ్చే పై డబ్బు మీద ఆధారపడింది. నెలంతా లోడ్లు తీసుకునే మాలాంటి అపార్ట్‌మెంట్లకు ఆలస్యంగానైనా వచ్చాయి, పక్క సందులో విడిగా ఉన్న ఇళ్ళకు రాలేదు. ధర కట్టడం ఒక్కటే చేస్తే నష్టపోయేది చిన్నవాళ్ళేనని నా అభిప్రాయం. అదే సమయంలో ట్యాంకర్లన్నీ రిజిస్టర్ చేసుకోవాలన్న నిబంధన మాత్రం మంచిది. అంతవరకూ ఎవరెవరు ఎన్ని బండ్లు తిప్పుతున్నారో లెక్కే లేదు.

మేం మా వంతు ఒక్క పని చేశాం. సంపులోకి దించే ఇనుప కడ్డీకి గీతలు పెట్టించాం. లోడు పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి సెక్యూరిటీ కడ్డీ దించి, డ్రైవర్ ఎదుటే పుస్తకంలో రాస్తాడు. 12,000 అని రాసిన బండిలో అంత లేకపోతే ఉన్నంతకే డబ్బు. కొందరు రావడం మానేశారు. మా చింతామణి ఆయన మానలేదు, పైగా కొలత వచ్చాక తనకే మేలన్నాడు. తక్కువ పోసేవాళ్ళతో ధర పోటీ తప్పింది కదా.

బోరు విషయంలో మాత్రం మా సంఘం చేతిలో ఉన్నది చాలా తక్కువ. నేల కింది నీళ్ళు తోడుకోవడం ఆ నేల యజమాని హక్కన్న భావన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వస్తోంది. పక్క లేఅవుట్ మరింత లోతుకు వేస్తే మా బోరు ఎండుతుంది, మేం ఇంకా లోతుకు వేస్తే వాళ్ళది. కర్ణాటకలో 2011 భూగర్భజల చట్టం ప్రకారం నోటిఫై అయిన ప్రాంతాల్లో బోరుకు అనుమతి కావాలి. నిజానికి కాగితం మీద అనుమతికన్నా, ఒకే వీధిలోని అపార్ట్‌మెంట్లు కూర్చుని ఎవరెంత తోడుతున్నామో ఒకరికొకరు చూపించుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. మా వీధిలో ఇంకా అది కాలేదు.

2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబర్ 16న మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో. మీరు ఆ పరిధిలో ఉంటే కనెక్షన్‌కి కట్టాల్సిన ప్రో రాటా మొత్తం (బిల్డింగ్ విస్తీర్ణం లెక్కన వేసే రుసుము) చూసి మీ జనరల్ బాడీ కూడా వెనకాడొచ్చు. మా దగ్గర ఎందుకు ఆగిందో చెబుతాను. ఓటు ఓనర్లది. ఫ్లాట్ అద్దెకిచ్చి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఓనర్‌కి కనెక్షన్ డబ్బు జేబులోంచి పోతుంది, ట్యాంకర్ బిల్లు మాత్రం అద్దెకున్నవాళ్ళు కడతారు. కట్టేవాళ్ళకు ఓటు లేదు, ఓటున్నవాళ్ళకు ఆ నొప్పి లేదు. చివరికి నీళ్ళ విషయం చర్చకు వచ్చిన మీటింగులకు అద్దెకున్నవాళ్ళనూ పిలిచి, ఏడాది ట్యాంకర్ ఖర్చు ఫ్లాట్‌వారీగా తెర మీద వేసి చూపించాక తీర్మానం నెగ్గింది.

కాబట్టి మీరు గ్రూపులో మెసేజ్‌లు ఆపి, ముందు ప్లంబర్‌ను పిలిచి ఒక్కో ఫ్లాట్‌కి నీళ్ళు వచ్చే పైపులు (ఇన్‌లెట్లు) ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టించండి. ఖర్చు దాన్ని బట్టే తేలుతుంది. అంతవరకూ సంపుకి కడ్డీ పెట్టించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ వారమే చేయొచ్చు.