దీపాల వేళకు అత్తయ్యగారు పెరట్లోకి ఎందుకు వెళ్ళారు?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. అత్తయ్యగారిది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వయసు 76, ఒక్కరే ఉంటారు. మామయ్యగారు పోయి రెండేళ్ళయింది. ఏటా దీపావళికి వారం రోజులు సెలవు పెట్టి వెళ్తాం. మోకాళ్ళ నొప్పులని ఆవిణ్ణి ఏ పనీ చేయనివ్వం. కాజాలు, పూతరేకులు కొనే తీసుకెళ్తాం. అయినా నిరుడు దీపాలు పెట్టే వేళకు ‘మీరు కానివ్వండమ్మా, నాకేం’ అని పెరట్లోకి వెళ్ళి కూర్చున్నారు. మా వారు నొచ్చుకున్నారు. పిల్లలు ఫోన్లు తీశారు. ఈసారైనా ఆవిడ మాతో కలిసేలా ఏం చేయాలి?

జవాబు: మామయ్యగారి సంగతి ఒక్క ముక్కలో చెప్పి మోకాళ్ళ దగ్గరకు వెళ్ళిపోయారు. నాకు మాత్రం చిక్కంతా ఆ ఒక్క ముక్కలోనే ఉందనిపిస్తోంది. పెరట్లోకి నడిచి వెళ్ళగలిగిన మనిషి వీధి గుమ్మం దాకా రాలేరా? భర్త పోయిన ఆడమనిషి శుభమైన వేళ తనంతట తానే పక్కకు తప్పుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఎవరూ పొమ్మనరు. ఎవరూ రమ్మనరు కూడా. దానికి తోడు పిండివంటలు కూడా బయట కొని తెచ్చేసరికి, ఆ ఇంటి పెద్ద కాస్తా తన ఇంట్లోనే చుట్టమైపోయారు.

అందరి ముందూ ‘రండి అత్తయ్యగారూ’ అని పిలవకండి, ఇరకాటంలో పడతారు. పండగకు రెండు రోజుల ముందే మీ వారు ఆవిడ పక్కన కూర్చుని, ‘అమ్మా, మొదటి దీపం నువ్వే పెట్టాలి’ అని అడగాలి. మీరు అడగడం వేరు, కడుపున పుట్టినవాడు అడగడం వేరు. వద్దంటే బలవంతం చేయకండి. మరో దారి ఉంది.

నరక చతుర్దశి తెల్లవారుజామున నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, గిన్నె ఆవిడ చేతికివ్వండి. ఆవిడ కుర్చీలో, పిల్లలు ఎదురుగా పీట మీద. మాడున నూనె పెట్టి అరచేత్తో తట్టడానికి మోకాళ్ళతో పనేముంది? షాంపూకి అలవాటుపడ్డ పిల్లలు గింజుకుంటారు, కళ్ళలోకి కారిందని గోల పెడతారు. పెట్టనివ్వండి, మీరు మధ్యలో దూరకండి. వాళ్ళ తర్వాత మీ వారు కూడా ఆ పీట మీద కూర్చోవాలి. నలభై దాటినా సరే.

ఇక దీపావళి సాయంత్రం. గోగు కాడలకు నూనెలో తడిపిన గుడ్డ పేలికలు చుట్టి వెలిగించి, ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి’ అంటూ నేలకు కొట్టే దివిటీలు మీ పిల్లలు ఎప్పుడైనా కొట్టారా? ఆ వెలుగు పితృదేవతలకు దారి చూపడానికని పెద్దలు చెప్తారు. అంటే మామయ్యగారికి కూడా. ఆవిడ బాధపడతారని ఇంట్లో అందరూ ఆయన పేరెత్తడం మానేసి ఉంటారు. సాధారణంగా జరిగేది అదే. ‘తాతయ్య దివిటీలు ఎలా కొట్టేవారు మామ్మా?’ అని పిల్లల్నే అడగమనండి. ఆవిడ ఏడిస్తే కంగారుపడి మాట మార్చకండి, పక్కన కూర్చోండి చాలు. అయితే పండగలతో సంబంధం లేకుండా నిద్ర, తిండి బాగా తగ్గి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటున్నారని తెలిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజున నాగుల చవితి. వారం ఉంటారు కాబట్టి అదీ చూసుకునే రావచ్చు. చలిమిడికి తడి బియ్యప్పిండి కావాలి, ప్యాకెట్ పిండితో అయ్యే పని కాదు. బియ్యం ఎంతసేపు నానాలో, చిమ్మిలికి నువ్వులూ బెల్లం ఎలా దంచాలో ఆవిడ చెప్తారు, మీరు చేయండి. ఉండలు చుట్టడం ఆవిడకు వదిలేయండి. పుట్ట దగ్గరకు నడవలేకపోతే పిల్లలు వెళ్ళి పాలు పోసి వస్తారు. షుగరు మాత్రలు వేసుకునేవారైతే ఉపవాసం సంగతి ముందే డాక్టరును అడగండి.

కార్తీక స్నానానికి కాలవ రేవుకు తీసుకెళ్ళొద్దు. పాచి పట్టిన మెట్లు ఆ వయసుకు ప్రమాదం. ఇంట్లో వేడినీళ్ళు పోసుకుని, అరటి దొప్పలో దీపం వెలిగించి ఇస్తే పిల్లలు వదిలి వస్తారు. పంచారామాలు ఐదూ ఒక్క రోజులో చుట్టొచ్చే బస్సు ఎక్కించాలన్న ఉత్సాహం మీ వారికి కలిగితే ఆపండి, అది కుర్రవాళ్ళకే అలసట. ఆవిడకు పక్కనే క్షీరారామం ఉందిగా. సోమవారం రద్దీ తప్పించి మామూలు రోజున ఆటోలో వెళ్ళి రండి. అదీ ఆవిడ అడిగితేనే.

ఇవన్నీ ఒకే ఏడు పెట్టుకోకండి. తలంటు, దివిటీలు చాలు.

గోగు కాడలు ఎవరి చేలో దొరుకుతాయో, ఎన్ని కావాలో ఇప్పుడే ఫోన్ చేసి ఆవిణ్ణే అడగండి. ‘ఇప్పుడవన్నీ ఎందుకమ్మా’ అంటారు. అంటూనే లెక్క చెప్తారు.