మామిడి ఆకు మచ్చ నుంచి ప్లేటులో పెరిగిన బూజే తెగులుకు కారణమా?

డిగ్రీ ప్రాజెక్టు కోసం మామిడి ఆకు మచ్చలను కోసి పీడీఏ (శిలీంధ్రాలను పెంచే బంగాళాదుంప-అగర్ జెల్లీ) ప్లేటులో పెడితే ముదురు ఆకుపచ్చ బూజు వచ్చిందని, తెగులుకు కారణం అదేనని రాసేయవచ్చా అని అడిగారు. ఇప్పుడే రాయకండి. ఎంఎస్సీలో నేను అచ్చంగా ఇదే పొరపాటు చేశాను.

మాది నూజివీడు వైపు. మా తోటలో బంగినపల్లి ఆకులు తెచ్చి, బాగా ఎండిన మచ్చల నడిమధ్య నుంచి ముక్కలు కోశాను. ప్లేట్ల నిండా క్లాడోస్పోరియం అనే బూజు వచ్చింది, రికార్డులో అదే రాశాను. మా గైడ్ మేడమ్ ఆ పేజీ చూసి ఒక్కటే అడిగారు: "ఇది ఆకును చంపిందా, చచ్చిన ఆకు మీదికి వచ్చి చేరిందా?" నా దగ్గర జవాబు లేదు.

క్లాడోస్పోరియం గాలిలో ఎప్పుడూ ఉండే శిలీంధ్రం. చనిపోయిన కణజాలం ఎక్కడ దొరికినా అక్కడ పెరుగుతుంది. అసలు తెగులు కలిగించేది మచ్చ అంచున, పచ్చదనం గోధుమ రంగుకు తిరిగే చోట ఉంటుంది. అందుకే రెండోసారి సగం పచ్చగా, సగం ఎండి ఉండేలా మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలు కోశాను. ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక నిమిషం ముంచి, స్టెరైల్ నీళ్ళలో మూడుసార్లు కడిగి పెట్టాను. ఈసారి తెల్లగా మొదలై బూడిద రంగుకు తిరిగిన కాలనీ వచ్చింది, దాని మీద నారింజ రంగు జిగట చుక్కలు కూడా. అది కొలెటోట్రైకమ్ అనే శిలీంధ్రం. మన రైతులు పక్షికన్ను తెగులు అనే ఆంత్రాక్నోస్‌కు కారణం అదే.

అయితే ప్లేటు కంటే ముందు ఆకునే సరిగ్గా చూడాలి. తడిగుడ్డతో తుడిస్తే నలుపు పోయిందంటే అది మసి తెగులు. తేనెమంచు పురుగు విసర్జించే తియ్యటి జిగురు మీద పెరుగుతుంది తప్ప ఆకు లోపలికి దిగదు. లేత ఆకుల మీద, పూత మీద తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు. అది బతికున్న మొక్క మీదే పెరుగుతుంది, పీడీఏ మీద ఎన్ని రోజులు పెట్టినా రాదు. ఆకు మీద గుండ్రంగా, మఖమల్‌లా కాస్త ఉబ్బిన నారింజ రంగు మచ్చలుంటే ఎర్ర తుప్పు. పేరులో తుప్పు ఉన్నా ఇది శిలీంధ్రమే కాదు, సెఫాల్యూరాస్ అనే నాచు. ఇది తెలియక మా నాన్న ఒక ఏడాది కొట్టువాళ్ళు ఇచ్చిన కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు రెండుసార్లు కొట్టించారు. నాచు మీద ఆ మందు పనిచేయదు, దానికి కాపర్ మందు వాడాలి. ఆ ఖర్చు, నాన్న పడ్డ టెన్షన్ చూశాకే తెగులును గుర్తుపట్టడం ఎంత అవసరమో నాకు అర్థమైంది. నిజమైన తుప్పు శిలీంధ్రం చూడాలంటే టేకు ఆకును తిరగేసి చూడండి. అడుగున నారింజ పొడి వేలికి అంటుతుంది.

తర్వాత తడి డబ్బా. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ పేపరు పరిచి, ఆకును రెండు రోజులు ఉంచండి. మచ్చ మీద స్పోర్లు (శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి) వస్తాయి. సెల్లోటేపుతో అద్ది, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు చుక్కలో పెట్టి మైక్రోస్కోపులో 400 రెట్లలో చూడండి. రంగు లేకుండా, ఒకే కణంతో, రెండు చివరలూ గుండ్రంగా ఉన్న చిన్న కడ్డీల్లాంటివి కొలెటోట్రైకమ్‌వి. ఐదు కణాలతో, నడిమి మూడు గోధుమ రంగులో, చివర మీసాల్లాంటి పోగులతో ఉంటే పెస్టలోషియోప్సిస్ అనే ఇంకో శిలీంధ్రం. దాన్ని ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. గద ఆకారంలో, అడ్డంగానూ నిలువుగానూ గోడలుంటే ఆల్టర్నేరియా.

ఇక మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది, తెగులుకు కారణం ఫలానా జీవే అని రుజువు చేసే కాక్ సూత్రాలే. ప్లేటులో పెరిగిన స్పోర్లను ఆరోగ్యమైన ఆకు మీద వేయాలి, అదే మచ్చ రావాలి, ఆ మచ్చ నుంచి మళ్ళీ అదే శిలీంధ్రం దొరకాలి. నేను మొదట ముదురు ఆకుల మీద వేసి వారం రోజులు చూశాను, ఏమీ రాలేదు. రాగి రంగు చిగురాకుల మీద వేస్తే నాలుగో రోజుకు మచ్చలు వచ్చాయి. పక్కనే నీళ్ళు మాత్రమే చల్లిన ఆకులు తప్పకుండా ఉంచండి. అవి శుభ్రంగా ఉంటేనే మీ ఫలితానికి విలువ.

వర్గీకరణ విషయంలో పాత పుస్తకాలు మిమ్మల్ని తికమక పెడతాయి. లైంగిక దశ కనిపించని వాటన్నిటినీ డ్యూటెరోమైసిటీస్ అనే ఒకే గంపలో వేసేవారు. ఒకే శిలీంధ్రానికి రెండు పేర్లుండేవి. గ్లోమెరెల్లా అని చదివేది కొలెటోట్రైకమ్ లైంగిక దశే. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభలో ఆ రెండు పేర్ల పద్ధతి తీసేశారు. ఇప్పుడు కొలెటోట్రైకమ్ ఆస్కోమైకోటా విభాగంలో, సోర్డారియోమైసిటీస్ తరగతిలో ఉంది. ఆల్టర్నేరియా డోథిడియోమైసిటీస్‌లో, బూడిద తెగులు శిలీంధ్రాలు లియోషియోమైసిటీస్‌లో ఉన్నాయి. టేకు తుప్పుది వేరే విభాగమే, బేసిడియోమైకోటా.

జాతి పేరు, అంటే స్పీషీస్, మాత్రం స్పోరు చూసి రాయకండి. గ్లియోస్పోరియాయిడిస్ అని మనం అలవాటుగా రాసేది నిజానికి ఒక గుంపు. 2012లో వచ్చిన సవరణలోనే అందులో 22 జాతులను గుర్తించారు. వాటిని విడదీయడానికి ఐటీఎస్ అనే ఒక్క డీఎన్‌ఏ భాగం కూడా చాలదు, ఇంకొన్ని జన్యువులు చూడాలి. డిగ్రీ ప్రాజెక్టుకు "కొలెటోట్రైకమ్, గ్లియోస్పోరియాయిడిస్ గుంపు" అని రాస్తే నిజాయితీగా ఉంటుంది. జాతి తప్పనిసరిగా కావాలంటే పుణేలోని అగార్కర్ పరిశోధన సంస్థలో జాతీయ శిలీంధ్ర కల్చర్ల సేకరణ ఉంది. అక్కడ గుర్తింపు చేసిపెడతారు, ముందే ఫీజు కనుక్కోండి.

తెగులున్న ఆకులను కొన్ని పేపర్ల మధ్య నొక్కి, చెట్టు రకం, ఊరు, తేదీ రాసిన చీటీతో దాచుకోండి. మచ్చ అంచు నుంచి మళ్ళీ ప్లేట్లు పెట్టాక కొలత గీత (స్కేల్ బార్) ఉన్న స్పోరు ఫొటో ఇక్కడ పెడితే నేను తప్పకుండా చూస్తాను.