శ్రోతల ప్రశ్నలు: నచ్చిన ఆల్బమ్ ఎందుకు నచ్చింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇష్టమైన ఆల్బమ్‌ల గురించే. ఒకే సంగతి అడిగినవాళ్ల ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాకు ప్రాణమైన ఆల్బమ్‌లు మూడు. కీత్ జారెట్ ‘ద కోల్న్ కాన్సర్ట్’, పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’, శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియా, బ్రిజ్‌భూషణ్ కాబ్రా కలిసి చేసిన ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’. ఒకదానికొకటి పొంతనే లేదు. ఎందుకు నచ్చాయని అడిగితే ‘బాగుంటాయి’ అనడం తప్ప నోట మాట రాదు. కారణం ఎలా పట్టుకోవాలి?

జవాబు: ఆల్బమ్ మొత్తాన్ని ముందేసుకుని వెతికితే కారణం దొరకదు. సెకన్లలో వెతకాలి. మొదటిసారి కాగితం, కలం లేకుండా మొదటి నుంచి చివరిదాకా వినండి. రెండోసారి ఒళ్లు జలదరించిన చోట, చేస్తున్న పని ఆగిపోయిన చోట, తెలియకుండానే కూనిరాగం అందుకున్న చోట నిమిషం, సెకను రాసుకోండి. వర్ణనలేవీ వద్దు, టైము చాలు. మూడోసారి ఆ గుర్తులకు ఒక్కోదానికి 15 సెకన్లు వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి వినండి.

కిటుకంతా ఆ 15 సెకన్లలోనే ఉంది. మాంట్రియల్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సంగీతం విని పులకించే క్షణంలోనే కాదు, దానికి ముందు ఎదురుచూసే క్షణాల్లోనూ మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. రెంటికీ స్పందించే భాగాలు కూడా వేరు. కాబట్టి మీరు గుర్తు పెట్టుకున్న క్షణానికి మిమ్మల్ని సిద్ధం చేసిందేమిటో దాని వెనకే వెతకాలి. శ్రుతి పైకి వెళ్లిందా? దెబ్బల లెక్క మారిందా? గాయకుడు ఊపిరి తీసుకున్నాడా? చాలామంది కొత్తగా ఏం చేరిందనే చూస్తారు గానీ, ఏది ఆగిపోయిందో చూడరు. డ్రమ్స్ రెండు దెబ్బలు ఆగినా, బేస్ తప్పుకున్నా చెవి ఒక్కసారిగా మేలుకుంటుంది. తరచుగా జవాబు అక్కడే ఉంటుంది.

మీ ఆల్బమ్‌ల మీదే చూద్దాం. ‘డార్క్ సైడ్’లో ‘మనీ’ పాట తీసుకోండి. పాడే భాగం, శాక్సఫోన్ భాగం ఏడు దెబ్బల లెక్కలో నడుస్తాయి, మన మిశ్రచాపులో ఏడు లెక్కపెట్టినట్టే. గిటార్ సోలో మొదలవగానే లెక్క నాలుగుకు మారుతుంది. అంతవరకూ ఎనిమిదో దెబ్బ కోసం చూసిన ప్రతిసారీ అది రాకుండానే ఆవర్తనం అయిపోతుంది, ఒళ్లు బిగబట్టుకుని ఉంటుంది. నాలుగులోకి రాగానే సడలుతుంది. ఇంకా ముందుకు వెళ్లండి. సోలో మధ్యలో ప్రతిధ్వని అంతా తీసేసి, వాయిద్యాలు తగ్గించి, గిటార్‌ను పొడిపొడిగా పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు వినిపిస్తారు. ఆ తర్వాత అన్నీ తిరిగి ఒక్కసారిగా మీద పడతాయి. మీ గుర్తు బహుశా ఆ చివరి చోట ఉంటుంది, కారణం మాత్రం దాని ముందరి పొడి భాగంలో ఉంది. తొడ మీద తాళం వేస్తూ వినండి, తేడా చేతికే తెలుస్తుంది.

‘కోల్న్ కాన్సర్ట్’ 1975 జనవరి 24న కోల్న్ నగరంలోని ఒపేరా హౌస్‌లో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించినది. వేదిక మీదికి వచ్చిన పియానో అడిగిన పెద్ద పియానో కాదు. పై స్వరాలు పీలగా, మంద్రస్వరాలు బలం లేకుండా పలికాయి. అందుకని జారెట్ ఎక్కువగా మధ్య స్థాయిలోనే ఉండిపోయి, మంద్రంలో లేని బలాన్ని ఎడమచేత్తో ఒకే వరుసను తిప్పితిప్పి వాయించి పూడ్చాడు. మొదటి భాగం 26 నిమిషాలు. అందులో ఎడమచెయ్యి ఎక్కడ తిరగడం మొదలుపెట్టిందో, ఎక్కడ వదిలేసిందో రెండే రెండు గుర్తులు పెట్టుకోండి. మిమ్మల్ని కట్టిపడేసేది ఆ తిరుగుడే అని మా అంచనా.

‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ 1967 నాటిది. కశ్మీరు లోయలో ఒక పశువుల కాపరి గడిపే రోజును వేకువ నుంచి రాగాల వరుసలో చెబుతుంది. అహిర్ భైరవ్‌తో మొదలై పహాడీతో ముగుస్తుంది. ఇందులో గమనించాల్సింది కథకన్నా ధ్వని. సంతూర్ స్వరం కొట్టగానే పలికి, వెంటనే సన్నగిల్లిపోతుంది. వేణువు స్వరం ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. కాబ్రా గిటార్ తీగ మీద కడ్డీ జరుపుతూ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. ఒకటి రాలుతుంది, ఒకటి నిలుస్తుంది, ఒకటి జారుతుంది. మూడూ కలిసినా ఒకదాన్నొకటి కప్పేయకపోవడానికి కారణం ఇదే. ఒక్కో విడతలో ఒక్క వాయిద్యాన్నే వెంటాడుతూ మూడుసార్లు వినండి.

ఇక పొంతన సంగతి. మూడూ తొందరపడని ఆల్బమ్‌లు. ఒక వరుసను ఓపిగ్గా తిప్పుతూ, ఒక్క పొరను మార్చి ఒళ్లు పులకరింపజేస్తాయి. మీకు నచ్చేది ఈ గుణమైతే 1969లో వచ్చిన మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ వినండి. రికార్డు ఒక్కో పక్కకు ఒకటి చొప్పున రెండే అంశాలు. రికార్డింగ్ అయ్యాక టేపు కత్తిరించి, ఆరంభ భాగాన్నే తెచ్చి చివర మళ్లీ అతికించారు. అదే సంగీతం రెండోసారి వచ్చినప్పుడు మీకు వేరుగా వినిపిస్తే, మీ అభిరుచి గురించి మా ఊహ నిజమన్నమాట.

ప్రశ్న: గ్లెన్ గౌల్డ్ వాయించిన బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ రెండు రికార్డింగులూ విన్నాను. సంగీతం ఒకటే, మనిషి ఒకడే. ఒకటి నా మనసుకు దగ్గరైంది, రెండోది అంటడం లేదు. ఎందుకు?

జవాబు: ఇష్టం ఎక్కడ పుడుతుందో తేల్చుకోవడానికి దీనికన్నా మంచి జంట దొరకదు. స్వరాలు మారవు కాబట్టి మిగిలిన తేడాలన్నీ బయటపడతాయి. మొదటిది 1955లో రికార్డయింది, మొత్తం సుమారు 38 నిమిషాలు. రెండోది 1981లో, సుమారు 51 నిమిషాలు. ఆరంభంలోని ‘ఆరియా’ ఒక్కటి చూడండి. 1955లో రెండు నిమిషాల లోపే ముగుస్తుంది, 1981లో మూడు నిమిషాలు దాటుతుంది. నిడివి పెరగడానికి వేగం తగ్గడమొక్కటే కారణం కాదు, రెండోసారి కొన్ని భాగాలను తిరిగి వాయించాడు కూడా.

వేగం కన్నా ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. 1955లో ఒక్కో వేరియేషన్ (మూలాన్ని మార్చి అల్లిన రూపం) తన దారి తాను చూసుకుని ఎగిరిపోతుంది. 1981లో ఒక వేరియేషన్ లయకూ తర్వాతిదానికీ లెక్క కుదిరేలా వాయించాడు, ముప్పై వేరియేషన్లూ ఒకే నాడి మీద నడిచినట్టుంటుంది. ఒకటి ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట మాత్రమే వింటూ కాలితో తాళం వేయండి. 1981 రికార్డులో చాలాచోట్ల కాలు ఆగకుండానే, అదే లెక్కను సగం చేసో రెట్టింపు చేసో సాగిపోవచ్చు. మీకు తళుకు ఇష్టమైతే మొదటిది, కట్టడం ఇష్టమైతే రెండోది దగ్గరవుతుంది. పియానోలు కూడా వేరు: మొదట స్టైన్‌వే, తర్వాత యమహా. రెండింట్లోనూ గౌల్డ్ కూనిరాగం వినిపిస్తుంది. అది అడ్డు అనుకునేవాళ్లున్నారు. ఆ కూనిరాగం ఏ వరుసను అంటిపెట్టుకుని పోతుందో వినమని మా సలహా. అనేక వరుసలు కలిసి నడిచే చోట ఆయన దేన్ని పాటగా భావించాడో అది చెప్పేస్తుంది.

ప్రశ్న: పాత సీడీలో ప్రాణం ఉన్న ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో ‘రీమాస్టర్’ అని కొడితే చప్పగా ఉంది. నా చెవిదే లోపమా?

జవాబు: కాకపోవచ్చు. రీమాస్టర్లు, అంటే పాత రికార్డింగు ధ్వనిని మళ్లీ సరిచేసి విడుదల చేసిన ప్రతులు, అన్నీ ఒక్కటి కావు. కొన్నింటిలో మెల్లని చోట్లను పైకి లేపి, పెద్ద శబ్దాల తలలు నొక్కేస్తారు. అప్పుడు పాటంతా ఒకే ఎత్తులో ఉంటుంది. మొదట విన్నప్పుడు బలంగా, రెండు పాటలయ్యాక అలసటగా ఉండటం దీని లక్షణం. డ్రమ్ దెబ్బ మీద చెవి పెట్టండి. పాతదానిలో దెబ్బ మిగతావాటికన్నా పైకి లేచి కనిపించి, కొత్తదానిలో వాటితో కలిసిపోతే అనుమానం నిజమే.

పోల్చేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. వాల్యూమ్ సరిచూడకుండా పోలిస్తే, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది కూడా ‘మెరుగు’ అనిపిస్తుంది. ఒకే పాటలో ఒకే చోటును పెట్టి, గొంతు రెండింట్లో ఒకే ఎత్తున వినిపించేలా వాల్యూమ్ సరిచేసి, అప్పుడు తీర్పు చెప్పండి. స్పాటిఫై లాంటివి మామూలు సెట్టింగ్‌లో పాటలన్నింటినీ ఒకే సగటుకు, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే శబ్దపు ఎత్తుకు కొలమానం) దగ్గరకు తెస్తాయి. నొక్కేసి గట్టిగా చేసిన రికార్డు అక్కడ వాల్యూమ్ లాభాన్ని పోగొట్టుకుంటుంది, నొక్కుడు మాత్రం మిగిలిపోతుంది. మీకు చప్పగా అనిపించడానికి ఇదొక కారణం.

అయితే రీమాస్టర్ అన్నదల్లా చెడ్డదని కొట్టిపారేయకండి. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డింగ్ 1959 మార్చి 2న మొదలైంది. ఆ రోజు అసలు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో నడిపితే సంగీతం వేగంగా, శ్రుతి పైకి వచ్చింది. మొదటి పక్కనున్న మూడు అంశాలూ దశాబ్దాల పాటు అలాగే వినిపించాయి. తేడా హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగానికి దగ్గరగా ఉంటుంది. అదే సమయంలో రెండో యంత్రం మీద నడిపిన టేపు ఆధారంగా 1990లలో సరిచేశారు. పాతదానికి అలవాటుపడిన చెవికి సరైనది కాస్త బరువుగా అనిపిస్తుంది. రికార్డుతో పాటు శాక్సఫోనో కీబోర్డో వాయించుకునేవాళ్లయితే సరిచేసిన ప్రతినే తీసుకోండి, లేకపోతే ఎంత సవరించినా శ్రుతి కలవదు.

ప్రశ్న: ఒక పాటలోంచి ఇంకో పాటలోకి కలిసిపోవాల్సిన చోట నా ఫోన్లో చిన్న ఖాళీ వస్తోంది. అసలు పాటల వరుసకు అంత విలువ ఉందా?

జవాబు: ముందు ఖాళీ సంగతి. సెట్టింగ్స్‌లో ‘గ్యాప్‌లెస్’ ఆన్ చేయండి, ‘క్రాస్‌ఫేడ్’ (ఒక పాట చివరను తర్వాతిదాని మొదటితో కలిపేది) సున్నా చేయండి, షఫుల్ తీసేయండి. అప్పటికీ పోకపోతే ఫైలుదే లోపం. ఎంపీ3 ధ్వనిని 1,152 శాంపిళ్ల ముక్కలుగా, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత చేరుస్తుంది. ఆ నిశ్శబ్దం ఎంతో ఫైల్లో రాసి ఉండి, ప్లేయర్ దాన్ని చదవగలిగితేనే ఖాళీ తొలగుతుంది. ఇష్టమైన ఆల్బమ్‌ను సీడీ నుంచి మళ్లీ ఎక్కించుకునేటప్పుడు ఫ్లాక్ అనే, ధ్వనిలో ఏమీ పోని ఫైలు రూపంలో ఎక్కించుకుంటే ఈ బాధ ఉండదు.

వరుసకు విలువ ఉంది, అదీ ఎల్‌పీ (రెండు పక్కలా వినే పెద్ద రికార్డు) కాలపు ఆల్బమ్‌లలో మరీ ఎక్కువ. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల రికార్డు మీద బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలి చివరకు వచ్చేసరికి 20 సెంటీమీటర్లకు పడిపోతుంది. లోపల పదునైన శబ్దాలు గరగరమంటాయి. అందుకని హోరైన పాటను పక్క మొదట్లో, నెమ్మదైనదాన్ని చివర్లో పెట్టడం అలవాటైంది. పక్కకు 20 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై వాల్యూమ్ తగ్గించాల్సి వచ్చేది. ఆల్బమ్ మధ్యలో ఒక నెమ్మది పాట ముగిసి వెంటనే గట్టిది మొదలైతే, మధ్యలో రికార్డు తిప్పే వ్యవధి ఉండేదని గుర్తుంచుకోండి. ‘డార్క్ సైడ్’లో ‘మనీ’కి ముందు అలాంటి చోటే ఉంది. అక్కడ అర నిమిషం ఆపి, తర్వాత పెట్టి చూడండి.

ప్రశ్న: నాకిష్టమైనవన్నీ టీనేజీలో విన్నవే. ఇది సంగీతం మీద ప్రేమా, ఆ వయసు మీద ప్రేమా?

జవాబు: టీనేజీలో, ఇరవైల మొదట్లో విన్న పాటలు మిగతావాటికన్నా గట్టిగా గుర్తుండటం పరిశోధనల్లో పదేపదే కనిపించిన సంగతి. తేల్చుకోవడానికి మేం చెప్పే పరీక్ష ఇది. ఆల్బమ్‌ను మొదటి పాటతో కాకుండా, ఎప్పుడూ పట్టించుకోని పాటతో మొదలుపెట్టండి. జ్ఞాపకమే పనిచేస్తుంటే మొదటి పది సెకన్లలో మనసు ఎక్కడికో వెళ్లిపోయి, మిగతా పాట వినకుండానే గడిచిపోతుంది. సంగీతం పనిచేస్తుంటే మధ్యలో ఏదో ఒక చోట మీరు పాటలోకి తిరిగొస్తారు. రెండూ ఉన్నా తప్పేం లేదు.

ప్రశ్న: ఇష్టమైన ఆల్బమ్ విని విని మొద్దుబారిపోయింది.

జవాబు: రెండు నెలలు పూర్తిగా ఆపండి. అలారం, రింగ్‌టోన్, పని చేసుకుంటూ వినే జాబితా, అన్నింట్లోంచీ తీసేయండి. వినకుండా వినిపించడమే మొద్దుబార్చేది. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఇయర్‌ఫోన్స్‌కు అలవాటుపడ్డవాళ్లు స్పీకర్ల మీద, స్పీకర్లకు అలవాటుపడ్డవాళ్లు ఇయర్‌ఫోన్స్ మీద వినండి. బేస్ ఒక్కదాన్నే మొదటి నుంచి చివరిదాకా వెంబడించండి. చాలా ఆల్బమ్‌లలో మనం ఇంతవరకూ విననిది అదే.

ప్రశ్న: నేను మెచ్చిన ఆల్బమ్ స్నేహితుడికి ఇస్తే ఐదు నిమిషాల్లో తీసేశాడు. ఎలా వినిపించాలి?

జవాబు: ఆల్బమ్ మొత్తం ఇవ్వకండి, ఒక్క పాట ఇవ్వండి. మీకు అన్నిటికన్నా ఇష్టమైనది కాకుండా, అతను ఇప్పటికే వినే సంగీతానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. ముందుగా పొగడకండి, పాట నడుస్తుండగా ‘ఇక్కడ విను’ అనకండి. ముగిశాక ‘ఎలా ఉంది?’ అని కాకుండా ‘ఏ చోట గుర్తుంది?’ అని అడగండి. చోటు చెప్పగలిగితే అదే ఆల్బమ్‌లో ఆ గుణమున్న రెండో పాట పంపండి. చెప్పలేకపోతే ఆ ఆల్బమ్‌ను అక్కడితో వదిలేసి, అతనికి ప్రాణమైనది ఒకటి అడిగి తెచ్చుకుని, పైన చెప్పిన 15 సెకన్ల పద్ధతిలో మీరు వినండి. ఈసారి ఏ పాట పంపాలో అందులోంచే తెలుస్తుంది.