పాత స్కిడ్ స్టీర్‌లో కొత్త పిన్నులు వేసినా బకెట్ ఊగుతుంటే

స్కిడ్ స్టీర్ (ముందు బకెట్ ఉండే చిన్న లోడర్ బండి) ఉన్న ఒకాయన, బకెట్‌ను ఆర్మ్‌లకు కలిపే పిన్నులు అరిగాయని రెండు కొత్తవి వేయించారు, నెల తిరక్కముందే బకెట్ మళ్లీ టకటకలాడుతోంది, పిన్నుల క్వాలిటీ బాగాలేదా అని నన్ను అడిగారు. పిన్నుల తప్పు కాకపోవచ్చు. అవి తిరిగే హోల్ కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసి ఉంటే, ఎంత మంచి పిన్ను దూర్చినా ఇంతే. గుండ్రటి పిన్ను అలాంటి హోల్‌లో ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. బరువంతా ఆ గీత మీదే పడుతుంది కాబట్టి కొత్త పిన్ను పాతదానికంటే తొందరగా అరిగిపోతుంది. నా పాత బండికి నేనూ మొదట ఇదే చేశాను. పిన్నులకు పెట్టిన ఖర్చు రెండుసార్లు దండగయ్యాక గానీ హోల్ కొలవాలన్న బుద్ధి పుట్టలేదు.

అందుకే ముందు లూజు ఎక్కడుందో పట్టుకోండి. బకెట్‌ను చెక్క దిమ్మల మీద ఆనించి, ఇంజిన్ ఆపేసి, బకెట్ అంచు కింద పొడవాటి గడ్డపార పెట్టి మెల్లగా ఎత్తి వదలండి. ఇంకొకరు ఒక్కో జాయింటు దగ్గర వేలు ఆనించి చూడాలి. వేలు సగం పిన్ను మీద, సగం బాస్ (పిన్ను దూరే మందపాటి ఇనుప గొట్టం) మీద ఉంటే అర మిల్లీమీటరు కదలిక కూడా తెలిసిపోతుంది. ఆర్మ్‌కు కలిపే కింది పిన్నుకీ, బకెట్‌ను వంచే టిల్ట్ సిలిండర్ పిన్నుకీ మధ్య 25 సెంటీమీటర్లు ఉండి, బకెట్ అంచు మీటరు దూరంలో ఉందనుకోండి. పిన్ను దగ్గర ఒక మిల్లీమీటరు లూజు అంచు దగ్గర నాలుగు మిల్లీమీటర్లవుతుంది. ఇలాంటి జాయింట్లు మూడు నాలుగు కలిస్తే నేల చదును చేయడం కుదరని పని.

చాలామంది చూడకుండా వదిలేసే చోటు ఇంకోటుంది: అటాచ్‌మెంట్ తగిలించే ప్లేటు. నా బండిలో సగం ఊపు అక్కడిదే. ఆ ప్లేటు కింద రెండు వైపులా చీలల్లాంటి వెడ్జ్‌లు ఉంటాయి. లివర్ కిందికి నొక్కితే అవి బకెట్ అడుగు పట్టీలో ఉన్న గాడుల్లోకి దిగి, బకెట్‌ను ప్లేటు పై అంచుకు బిగించి పట్టుకోవాలి. వెడ్జ్ ఏటవాలు ముఖం అరిగినా, బకెట్ గాడి సాగినా లివర్ పూర్తిగా దిగుతుంది కానీ బిగింపు ఉండదు. బకెట్ ముక్కును నేలకు నొక్కి ముందు చక్రాలు కొంచెం లేపి చూడండి. ప్లేటుకీ బకెట్‌కీ మధ్య సందు తెరుచుకుంటే దోషం అక్కడుంది. వెడ్జ్‌లు విడిగా దొరుకుతాయి కాబట్టి అవి మార్చేయడమే మేలు. బకెట్ గాడి సాగితే దాని మీద కొత్త పట్టీ వెల్డ్ చేసి గాడి మళ్లీ కోయించాను. ఒక్క బకెట్‌తోనే ఊగి, ఇంకో అటాచ్‌మెంట్‌తో ఊగకపోతే బండి జోలికి పోకండి, బకెట్‌నే బాగు చేయండి. వెడ్జ్ సరిగా పట్టకపోతే ఎత్తిన బకెట్ ఊడి పడుతుంది, దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు.

ఇక అరిగిన హోల్ సంగతి. పిన్ను తీసి హోల్‌ను పైనుంచి కిందికి ఒకసారి, అడ్డంగా ఒకసారి, లోపలి అంచు దగ్గరా బయటి అంచు దగ్గరా కొలవండి. నా పిన్ను 38 మిల్లీమీటర్లు. హోల్ అడ్డంగా 38.6 ఉంటే నిలువుగా 41 ఉంది. ఇలాంటిదాన్ని సరిచేయడానికి నాకు నమ్మకమున్న దారి లైన్ బోరింగ్. బండి మీదే బిగించే బోరింగ్ మెషిన్‌తో రెండు వైపుల హోల్స్‌నీ ఒకే వరసలో 48 మిల్లీమీటర్లకి కోయించి, గట్టి స్టీలు బుష్షులు (హోల్‌లో కూర్చునే చిన్న గొట్టాలు, పిన్ను వీటిలో తిరుగుతుంది) ఎక్కించాం. బుష్ బయటి కొలత హోల్ కంటే ఓ 0.05 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టాం. బుష్షును ఫ్రీజర్లో ఉంచి, బాస్‌ను కాస్త వేడి చేస్తే పెద్దగా సుత్తి దెబ్బలు లేకుండానే దిగిపోయింది. ఒకసారి దిగాక బుష్ లోపలి హోల్ కొంచెం ముడుచుకుంటుంది. అందుకే ఎక్కించాక మళ్లీ కొలిచి, పిన్నుకీ బుష్షుకీ మధ్య 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉండేలా చేయించండి. మరీ టైట్‌గా ఉంటే గ్రీజు వెళ్లడానికి చోటుండదు.

లైన్ బోరింగ్ దొరక్కపోతే పాత బాస్ కోసేసి, లేత్ మీద చేసిన కొత్త బాస్ వెల్డ్ చేయొచ్చు. రెండు వైపులకూ కలిపి ఒకే షాఫ్ట్ దూర్చి, వరస చూసుకుని, ఎదురెదురుగా చిన్న చిన్న టాకాలు వేస్తూ పోవాలి. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను: కొత్త పిన్నునే షాఫ్ట్‌లా దూర్చి వెల్డ్ చేశాను. చల్లారాక బాస్ ముడుచుకుని పిన్ను ఇరుక్కుపోయింది, చివరికి కోసి తీయాల్సి వచ్చింది. మామూలు ఇనుప కడ్డీ ఏదైనా వాడి పారేయండి.

అరిగిన పిన్ను మీద వెల్డింగ్ నింపి లేత్ పట్టించే పద్ధతి చాలాచోట్ల చూశాను, నాకైతే నచ్చదు. గట్టిపరిచిన స్టీలుకు వెల్డింగ్ వేడి తగిలితే పక్కనే పగుళ్లు వస్తాయి, పిన్ను ఏ రోజు విరుగుతుందో తెలియదు. ఈఎన్19 లాంటి గట్టి అల్లాయ్ స్టీలుతో, పైపొరను ఇండక్షన్ హార్డెనింగ్‌తో (కరెంటు వేడితో) గట్టిపరిచిన పిన్ను తీసుకోండి. అరిగేది బుష్ అవ్వాలి, దాన్ని మార్చడం తేలిక. పిన్ను తిరగకుండా పట్టే బోల్టు కూడా చూడండి. అది తెగితే పిన్ను తనను రెండు పక్కలా పట్టుకునే చెవి ప్లేట్లలోనే తిరిగి వాటినీ తినేస్తుంది. చెవి ప్లేటుకీ బాస్‌కీ మధ్య పక్క సందు మిల్లీమీటరు దాటితే షిమ్ వాషర్లు (పల్చటి వాషర్లు) వేయండి.

పని మొదలుపెట్టే ముందు ఆర్మ్‌లు పూర్తిగా దింపేయండి, లేదా ఎత్తి ఉంచే లాక్ సపోర్టు వేయండి. ఒక్క హైడ్రాలిక్ మీద నిలబడిన ఆర్మ్ కింద తల పెట్టొద్దు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి. ఎర్త్ క్లాంపును వెల్డ్ చేసే ముక్కకే పెట్టండి, లేదంటే కరెంటు పిన్నుల్లోంచి, సిలిండర్ రాడ్‌లోంచి పోయి వాటి మీద మచ్చలు పెడుతుంది. పాత బండి అడుగు పొట్టలో నూనె, చెత్త పేరుకుని ఉంటుంది. ముందు కడిగించి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి.

ఇంకొక్కటి, గ్రీజు. బుష్ ఎక్కించేటప్పుడు దాని గ్రీజు రంధ్రం, గ్రీజు గన్ తగిలించే నిపుల్ రంధ్రానికి ఎదురుగా వచ్చిందో లేదో చూడండి. నాది ఒక వైపు పక్కకు జరిగింది, గన్ ఎంత నొక్కినా గ్రీజు ఎక్కలేదు. ఆ బుష్ పీకి మళ్లీ వేశాం. వాడకంలో ఎనిమిది పది గంటలకోసారి, బకెట్ బరువు పిన్ను మీద లేనప్పుడు కొట్టండి. బరువున్న వైపు సందు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి గ్రీజు సులువైన వైపే జారిపోతుంది. రెండు చివర్ల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. ఒక చివరే వస్తోందంటే రెండో చివర ఎండిపోతున్నట్టే.