పుస్తకాల పేజీ – మీ ప్రశ్నలు: రోడ్డున్నా తెగిపోయిన ఊరు

పోయిన సంచికలో స్టీఫెన్ కింగ్ ‘సేలమ్స్ లాట్’ నవల గురించి ఒక పేజీ రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చదవనివాళ్ల కోసం రెండు మాటలు. 1975లో వచ్చిన ఈ నవల అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి ఉత్తరాన, జెరూసలేమ్స్ లాట్ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. పదమూడు వందల పైచిలుకు జనం. చిన్నప్పుడు అక్కడ నాలుగేళ్లు పెరిగిన బెన్ మియర్స్ అనే రచయిత తిరిగొస్తాడు. సరిగ్గా అప్పుడే కొండ మీది పాడుబడ్డ మార్స్టెన్ బంగళాలోకి బార్లో అనే రక్తపిశాచి దిగుతాడు, ఆ తర్వాత ఊళ్లో ఒక్కో ఇంట్లో దీపం ఆరిపోతూ వస్తుంది. ఈసారి ప్రశ్నలన్నీ దీని చుట్టూనే. ముగింపు మాత్రం ఎవరికీ చెప్పడం లేదు.

మేడమ్, మీరు రాసింది చూసి నవల తెప్పించుకుని వారంలో పూర్తి చేశాను. భయపడ్డాను, నిజమే. కానీ ఒక డౌటు వదలడం లేదు. ఇలాంటి కథల్లో ఊరికి దారి మూసుకుపోవాలి కదా, వంతెన కూలడమో మంచు కప్పేయడమో. ఇక్కడ రోడ్డుంది, ఫోన్లున్నాయి, ఇరవై మైళ్ల దూరంలో సిటీ ఉంది. అయినా బయటివాళ్లకి ఏమీ తెలియదంటే ఎలా నమ్మాలి? – డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

మొదటిసారి చదివినప్పుడు నాకూ ఇలాగే అనిపించింది. రెండోసారి చదువుతుంటే తెలిసింది, ఈ నవల ప్రాణమంతా మీరు అడిగిన చోటే ఉంది. ఊరికీ బయటికీ మధ్య దారి తెగలేదు, ఇంటికీ ఇంటికీ మధ్య తెగింది. అది బార్లో రాకముందే తెగిపోయింది.

మూడో అధ్యాయం మళ్లీ ఒకసారి తీయండి. తెల్లవారుజామున 4 గంటలకి ఒక పాడి ఇంట్లో అన్నదమ్ములు పాలు పితకడంతో మొదలై అర్ధరాత్రి దాకా, గంటలు వేసుకుంటూ, ఊళ్లో ఇల్లిల్లూ తిప్పుతాడు రచయిత. భయపెట్టేది ఏమీ జరగదు, చాలామంది అక్కడ విసుగొచ్చి పుస్తకం మూసేస్తారు కూడా. కానీ ఏం చూపిస్తున్నాడో గమనించండి. ట్రైలర్ అనే, బండిలా లాక్కెళ్లగలిగే చిన్న ఇంట్లో ఒక చిన్న వయసు తల్లి, చుట్టూ అయినవాళ్లెవరూ లేక, విసుగు ఆపుకోలేక నెలల బిడ్డని కొడుతుంది. మేబుల్ వెర్ట్స్ అనే పెద్దావిడ బైనాక్యులర్స్ పెట్టుకుని వీధంతా చూస్తుంది, నలుగురు కలిసి వాడుకునే ఫోన్ లైన్లో అందరి మాటలూ వింటుంది. ఊళ్లో అందరి గుట్టూ ఆవిడకి తెలుసు, అయినా ఒక్కరి తలుపు కూడా తట్టదు. లారీ క్రాకెట్ అనే స్థలాల దళారీ, షాపింగ్ సెంటర్ రాబోయే భూమి చేతికొస్తుందన్న ఆశతో, మార్స్టెన్ బంగళా ఎవరు కొంటున్నారో ఎందుకు కొంటున్నారో అడగకుండా సంతకాలు పెట్టేస్తాడు. పిశాచికి ఊళ్లోకి దారి వేసింది ఆ కాగితమే.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. రాత్రి ఒకరు పోతే పగలు ఆ ఇంటి కిటికీకి తెర దించి ఉంటుంది. పక్కింటివాళ్లు ఫ్లూ అనుకుంటారు. కొట్టు తెరవకపోతే బేరాల్లేక మూసుంటాడు అనుకుంటారు. ఎవరికి వాళ్లకి ఒక సర్ది చెప్పుకునే మాట దొరుకుతుంది, ఆ మాటలన్నీ ఒకచోట కూర్చి చూసేవాడు ఉండడు. ఉన్న కానిస్టేబులు పార్కిన్స్ గిలెస్పీకి సంగతి అర్థమైనా ఊరొదిలి వెళ్లిపోతాడు. వెళ్తూ వెళ్తూ అతను అనేది దాదాపు ఇదీ: ఈ ఊరు ఎప్పుడో చచ్చిపోయింది, అందుకే వాడు ఇక్కడికి వచ్చాడు. నా మటుకు నవల మొత్తంలో నన్ను వణికించింది ఆ మాటే, కోరలు కాదు.

కింగ్ ఈ నవల రాయడానికి ముందు మెయిన్‌లోనే హైస్కూల్ టీచరు, పిల్లలకి ‘డ్రాకులా’ పాఠం చెప్పేవాడు. డ్రాకులా ఈ కాలంలో అమెరికాకి వస్తే ఏమవుతుంది అని ఇంట్లో మాటల్లో వచ్చిందట. న్యూయార్క్‌లో దిగితే ట్యాక్సీ గుద్ది చచ్చిపోతాడు అనుకున్నారు. మరి ఇలాంటి చిన్న ఊరికి వస్తే? అని భార్య టబిథా అడిగిన చోట నవల పుట్టింది. అది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవికే ఎసరు పెట్టిన వాటర్‌గేట్ కుంభకోణం కాలం, పైవాళ్లు ఏం దాస్తున్నారో అని దేశమంతా టెన్షన్ పడుతున్న రోజులు, ఆ భయం కూడా ఇందులోకి వచ్చిందని ఆయనే తర్వాత రాశాడు. అందుకే ఊళ్లో ప్రతి ఇంటికీ దాచుకున్నది ఏదో ఒకటి ఉంటుంది.

ఇంకొకటి. పిలవకుండా పిశాచి లోపలికి రాలేడన్న నియమం ఉంది కదా, దాన్ని ఆయన వాడిన తీరు చూడండి. డానీ గ్లిక్ అనే పిల్లాడు చనిపోయి, పాతిపెట్టాక, రాత్రి స్నేహితుడి కిటికీ దగ్గరికొచ్చి గోళ్లతో అద్దం గీకుతూ లోపలికి రానివ్వమంటాడు. వచ్చేది ముక్కూ మొహం తెలియనివాడైతే ఎవరైనా తలుపు వేసుకుంటారు, వచ్చేది మనవాడే. ఒకప్పుడు మన ఊళ్లలో ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకునేవాళ్లు, మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. రాత్రిపూట వచ్చే ఆ ఆడదెయ్యం తెలిసిన గొంతుతో పిలుస్తుందని, పలికితే అంతేనని అనేవాళ్లు. మెయిన్ రాష్ట్రంలో కిటికీ అయినా మన ఊళ్లో తలుపు అయినా ఆ భయం ఒకటే, బయట నిలబడింది నిజంగా మనవాళ్లేనా అని. ఆ భయం ఊరంతా పాకాక ఎవరూ ఎవరికీ తలుపు తీయరు, ఇంక వంతెన కూల్చాల్సిన పనేముంది?

సినిమా ముందు చూడాలా, పుస్తకం ముందు చదవాలా? – నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

పుస్తకమే. 1979లో టోబీ హూపర్ తీసిన రెండు భాగాల టీవీ సినిమా మంచిదే, కిటికీ బయట పొగమంచులో తేలే పిల్లాడి సీను ఇప్పటికీ ఒంటరిగా చూడలేను, కానీ అందులో బార్లో నీలం మొహంతో మాటా పలుకూ లేని బొమ్మలా ఉంటాడు. పుస్తకంలో వాడు చక్కగా, మర్యాదగా మాట్లాడతాడు, భయం అక్కడుంది. 2004లో ఒకసారి, 2024లో ఒకసారి మళ్లీ తీశారు. రెండు గంటల్లో ఊరినంతా పరిచయం చేయడం కుదరదు, ఊరు పరిచయం కాకపోతే అది పోయినా మనకి బాధ ఉండదు.

మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఈ పుస్తకం ఎవరి దగ్గరో తెచ్చుకుని చదువుతున్నాడు. వారం నుంచి లైటు వేసుకునే పడుకుంటున్నాడు, కిటికీ తెర కూడా తీయనివ్వడం లేదు. లాగేసుకుందామంటే వాళ్ల నాన్నగారు వద్దంటున్నారు. మీరేమంటారండీ? – ఒక తల్లి, ఏలూరు

లాగేసుకోకండమ్మా. సగంలో ఆగిపోయిన భయం పూర్తయిన భయం కంటే ఎక్కువ రోజులు ఉంటుంది, ఇది నా అనుభవం. ఈ నవలలో మార్క్ పీట్రీ అని పన్నెండేళ్ల పిల్లాడు ఉన్నాడు, గది నిండా రాక్షసుల బొమ్మలు అతికించి పెట్టుకుంటాడు. పైన చెప్పిన డానీ వచ్చేది ఈ పిల్లాడి కిటికీకే. వీడు అరవడు, ఏడవడు. తన బొమ్మల సెట్లో శ్మశానం ఒకటి ఉంటుంది, అందులోంచి చిన్న ప్లాస్టిక్ సిలువ పీకి వాడి మొహాన పెడతాడు, డానీ మాయమయ్యాక మార్క్ కాసేపటికే నిద్రపోతాడు. అదే పెద్దవాళ్లయితే మతి పోయేది. పెద్దవాళ్లు నమ్మకూడదని తలుపులు బిగించుకుని కూర్చున్నచోట ఈ పిల్లాడు ఉన్నది ఉన్నట్టు చూస్తాడు కాబట్టే నిలబడతాడు.

అయితే మీకు ఒకటి దాచకుండా చెప్పాలి. పసిబిడ్డని కొట్టే భాగం, ఇంకా కొన్ని క్రూరమైన చోట్లు ఉన్నాయి, పదహారేళ్లవాడికి పర్వాలేదు గానీ అంతకంటే చిన్నవాళ్ల చేతికి ఇవ్వకండి. లైటు వేసుకుంటే వేసుకోనివ్వండి. రేపు అన్నం తినేటప్పుడు ఎంతవరకు వచ్చిందిరా కథ అని అడిగి చూడండి, వాడు చెప్పడం మొదలుపెడితే సగం భయం అక్కడే దిగిపోతుంది.

నవలల సంగతి సరే. ఒక ఊరు నిజంగా ఇలా లోకంతో తెగిపోయి, చావుతో ఒంటరిగా కూర్చున్న సందర్భం చరిత్రలో ఉందా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

ఉంది మాస్టారూ. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లో ఈమ్ అనే ఊరు. 1665లో లండన్ నుంచి ఒక దర్జీకి బట్టల మూట వచ్చింది, తడిసి ఉంటే నిప్పు దగ్గర ఆరబెట్టారు, ఆ బట్టల్లో ఉన్న ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న పురుగుల నుంచి ప్లేగు పుట్టిందని చెబుతారు. మూట విప్పిన దర్జీ సహాయకుడు కొద్దిరోజుల్లోనే పోయాడు. మరుసటి ఏడు జూన్‌లో మళ్లీ విజృంభించాక, చర్చి పాస్టరు విలియం మోంపెసన్, ఆయన కంటే ముందు అక్కడ పనిచేసిన థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్లని ఒప్పించారు: పొలిమేర దాటొద్దు, మన జబ్బు పక్క ఊళ్లకి పోవద్దు.

పొలిమేర రాయికి గుంటలు తొలిచి, వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవాళ్లు, బయటివాళ్లు తిండి అక్కడ పెట్టి డబ్బు తీసుకెళ్లేవాళ్లు. చర్చిలో దగ్గర దగ్గరగా కూర్చోకుండా ఆరుబయట లోయలో ప్రార్థనలు చేశారు. ఎవరి ఇంటివాళ్లని వాళ్లే పూడ్చుకోవాలి. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఆవిడ ఆ ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లలనీ తన చేతులతో ఈడ్చుకెళ్లి ఇంటి దగ్గరి పొలంలో పాతిపెట్టింది. ఆ సమాధి రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మోంపెసన్ భార్య కేథరీన్ కూడా అదే నెలలో పోయింది. మొత్తం 260 మంది పోయారని లెక్క చెబుతారు.

పై నవలకీ దీనికీ తేడా చూడండి మాస్టారూ. జెరూసలేమ్స్ లాట్‌కి రోడ్డు తెరిచే ఉంది, మనుషులు మూసుకున్నారు. ఈమ్ తన రోడ్డు తానే మూసుకుంది, కానీ పొలిమేర రాయి దగ్గర తిండి పెట్టేవాడు ఆగలేదు, లోయలో ప్రార్థన ఆగలేదు. నాకు ఈమ్ గురించి చదివితే ఏడుపొస్తుంది గానీ భయం వేయదు.

మాది కూనవరం దగ్గర ఊరు. గోదావరి పెరిగితే శబరి వెనక్కి తన్ని రోడ్డు మీదికొస్తుంది, కరెంటు పోతుంది, టవర్లో డీజిల్ అయిపోతే ఫోన్లూ పోతాయి. 2022 జులైలో మేం గుట్టెక్కి టార్పాలిన్ల కింద రోజుల తరబడి ఉన్నాం. దీని మీద హారర్ నవల రాద్దామని ఉంది. ‘సేలమ్స్ లాట్’ లాగా పిశాచిని పెట్టమంటారా? – ఒక యువ పాఠకుడు

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, మూడో హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. మేం ఇక్కడ టీవీలో ఆ అంకెలే చూస్తూ కూర్చున్నాం, మీరు గుట్ట మీద ఉన్నారు. అంకె కింద ఉన్నదేమిటో మీకే తెలుసు, కాబట్టి పిశాచి సంగతి తర్వాత ఆలోచించండి, ముందు ఊరు రాయండి.

వరద రాకముందు ఒక రోజు రాయండి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా. పడవ ఎవరిది, కిరాణా కొట్టు ఎవరిది, ఎవరికి ఎవరితో మాటల్లేవు, గట్టు తగాదా ఎవరి మధ్య ఉంది, ఎవరింట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నారు. గుట్ట ఎక్కేటప్పుడు ఎవరు ఎవరిని మోశారో, ఎవరు ఎవరిని మోయలేదో అప్పుడు దానంతట అదే కథ అవుతుంది. పరిహారం లిస్టులో పేరు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే టార్పాలిన్ కింద పడుకుంటారు కదా, ఆ రాత్రి వాళ్ల మధ్య మాటలు నాకు వినాలని ఉంది.

భయం కోసం తెచ్చిపెట్టుకున్న కోరలూ నల్ల కోట్లూ మీకు అక్కర్లేదు. మెయిన్ రాష్ట్రం రచయిత తన ఊళ్లో ఉన్న చలినీ అడవినీ ఆ చెక్క ఇళ్లనీ వాడుకున్నాడు. ఆ ఊరి పేరు కూడా చూడండి, జెరూసలేం అని పేరు పెట్టిన పంది ఒకటి తప్పించుకుని అడవిలో పడి, అటు వెళ్లిన పిల్లల మీదికొస్తుందని యజమాని బెదిరించడంతో ఆ అడవికి దాని పేరు, అడవి పేరు ఊరికి వచ్చాయని నవల్లో చెబుతాడు. అలాంటి కథ మీ ఊరి పేరుకీ, మీ గుట్టకీ, మీ రేవుకీ ఉండే ఉంటుంది. మీ ఊరి ముసలివాళ్లని అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసుకోండి, పుస్తకం భాషలోకి మార్చకండి.

మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాశారు, వరద తీశాక మీ నాన్నగారు బొగ్గుతో గోడ మీద గీత గీసి తేదీ వేస్తారని, 1986 నాటి తాతగారి గీత ఇంకా పైన ఉందని. నేనైతే అక్కడ మొదలుపెడతాను. నీళ్లు తీసి, బురద ఎత్తిపోసి, తలుపు తోసి లోపలికి వెళ్తే గోడ మీద తాతగారి గీత కంటే పైన తడి ఆరని కొత్త గీత ఒకటి ఉంటుంది, ఇంట్లో ఎవరూ గీసింది కాదు, పక్కన వేసిన తేదీ ఇంకా రాలేదు. వద్దనుకుంటే వదిలేయండి, కథ మీది. మొదటి అధ్యాయం అయ్యాక పత్రిక చిరునామాకి పంపండి, కచ్చితంగా చదువుతాను.